తెల్లబండ నెత్తురు: చదివి చెప్పిన రోజు

పోయిన వారం కథలో ఇంద్రాణిని గుత్తి బస్టాండులో వదిలిపెట్టాం. ఆమె అనంతపురంలో పరిశోధన చేస్తున్న పిల్ల. గుత్తికి అవతల, కొండ కింద తెల్లబండ అనే ఎరుకల కాలనీ ఉంది. అక్కడ కొన్ని ఇళ్ళల్లో పుట్టుచెవుడు ఎందుకు వస్తోందో తెలుసుకోవాలని రెండేళ్ళ కిందట ఇంటింటికీ తిరిగి రక్తం తీసుకుంది. దాని మీద రాసిన మొదటి వ్యాసం ఇంటర్నెట్టులో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా వచ్చింది. చదివినవాళ్ళల్లో బళ్ళారి పెండ్లివారు కూడా ఉన్నారు. తెల్లబండ పిల్లతో తాంబూలాలు పుచ్చుకున్న సంబంధం వదులుకుని పోయారు. ఆ కబురు ఇంద్రాణికి ఫోనులో చెప్పింది ఆ కాలనీ కుర్రాడు తిప్పేష్. "అక్కడికి పోవద్దు. రెండో వ్యాసం పెద్ద జర్నల్ దగ్గర ఉంది, వచ్చే నెల నీ వైవా ఉంది" అని ఆమె గైడు ఆచార్య మల్లికార్జున గట్టిగా చెప్పాడు. ఆమె విని, తలూపి, మరునాడు బస్సెక్కింది.

తిప్పేష్ మోటారు సైకిలు మీద వచ్చి బస్టాండు బయట నిలబడి ఉన్నాడు. తెల్లబండలో డిగ్రీ దాకా చదివిన మొదటివాడు అతనే. గుత్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. రెండేళ్ళ కిందట ఇంద్రాణి వచ్చినప్పుడు ఆమెతో పాటు ప్రతి గడపా ఎక్కి, "భయం లేదు, మనకు మంచి జరిగే పనే" అని చెప్పి ఒప్పించింది అతనే. అప్పట్లో ఆమె బ్యాగు తనే అందుకునేవాడు. ఇవాళ బండి స్టార్టు చేసి ఊరుకున్నాడు. ఆమె బ్యాగు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చుంది.

ఎండ అప్పటికే ముదిరింది. చెనక్కాయ పీకేసిన చేలన్నీ ఎర్రగా బోడిగా పడి ఉన్నాయి. చాలా దూరం పోయాక తిప్పేష్ తల తిప్పకుండానే అడిగాడు.

"ఆ పేపరు మీద ఏడు పేర్లుండాయి మేడం. అందరూ ఎవరు?"

"మా గైడు, నేను, ల్యాబు వాళ్ళు."

"తెల్లబండ మొగం చూసినోళ్ళు ఎంతమంది వాళ్ళల్లో?"

"నేనొక్కదాన్నే" అంది.

అతను ఇంకేమీ అడగలేదు. తన పేరు ఎందుకు లేదని అడుగుతాడనుకుంది. అడిగి ఉంటే తేలిగ్గా ఉండేదేమో.

కాలనీ మొదట్లోనే రేకుల పంచ ఉంది. ఆడవాళ్ళు అక్కడ కూర్చుని గంపలల్లుతారు. టమోటా మండీలకు ప్లాస్టిక్ క్రేట్లు వచ్చాక గంపల బేరం తగ్గింది కానీ, పెండ్లిళ్ళకూ జాతరలకూ అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆమెను చూడగానే మాటలు ఆగిపోయాయి. చేతులు మాత్రం ఆగలేదు. అందరికీ చివర కూర్చున్న రామాంజినమ్మ తలెత్తనే లేదు. ఆమె చిన్న కూతురు నాగవేణి పెండ్లే ఆగిపోయింది. నాగవేణి తల్లి పక్కనే ఉంది. కొంచెం ఎడంగా పెద్ద కూతురు హేమావతి వెదురు బద్దలు చీలుస్తోంది. హేమావతికి పుట్టినప్పటినుంచి చెవులు వినపడవు. పెండ్లి ఎందుకు ఆగిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు. అందుకని ఆమె ఒక్కతే తలెత్తి ఇంద్రాణిని చూసి, ఎప్పటిలాగే నవ్వింది.

పెద్దాయన దాసప్ప కర్ర పట్టుకుని వచ్చాడు. కాలనీలో ఏ మాటకైనా ఆయన ఉండాలి.

"నీళ్ళియ్యండి ఆ పాపకు. ఎండన పడి వచ్చింది."

ఎవరో చెంబు తెచ్చి ఇచ్చారు. ఇంద్రాణి ఆ నీళ్ళు తాగి చెంబు పక్కన పెట్టింది. క్షమించమని చెప్పడానికి దారిపొడుగునా మాటలు కూర్చుకుంటూ వచ్చింది. నోరు తెరవబోయేసరికి దాసప్ప చెయ్యెత్తాడు.

"ఏం చెప్పేదున్నా తర్వాత చెప్దువు. ముందు నువ్వు రాసింది మాకు చదివి చెప్పు పాపా. బళ్ళారోళ్ళు చదివినారంట. లోకమంతా చదివిందంట. మా గురించి రాసింది మేమే ఇంకా వినలేదు."

ఇంద్రాణి బ్యాగులోంచి కాగితాలు తీసింది. ఈ వ్యాసం గురించి రెండు నగరాల్లో సభల్లో మాట్లాడింది. బొమ్మలు వేసి చూపించింది. చప్పట్లు కొట్టించుకుంది. అందులో ఒక్క వాక్యమైనా తెలుగులో ఎవరికీ చదివి చెప్పలేదన్న సంగతి ఆ క్షణంలోనే ఆమెకు తట్టింది.

"పేరు మొదలుకొని చదువు" అన్నాడు దాసప్ప, కుర్చీ వద్దని బండ మీద కూర్చుంటూ.

"అనంతపురం జిల్లా, గుత్తి దగ్గర తెల్లబండలోని ఎరుకల కుటుంబాల్లో పుట్టుచెవుడు..."

"పేరులోనే ఊరు పెట్టినావా?"

"పెట్టినాం తాతా."

"మా పేర్లు ఎవరికీ తెలీనియ్యమని చెప్పినావు. వేలిముద్ర ఏసిన దినం. నాకు బాగా గుర్తుండాది."

"మనుషుల పేర్లు యాడా రాయలేదు. నంబర్లు ఇచ్చినాం."

"ఊరు చెప్పి పేర్లు దాస్తే ఇంగేం దాచినట్లు? మావి ముప్పై నలభై కొంపలు. తెల్లబండ పిల్ల అంటే ఎవరో ఒగరు చెప్పరా?" ఆయన గొంతు పెంచలేదు. "మా నాయన చెప్తాండె. తెల్లోళ్ళ కాలంలో మా కులమోళ్ళ ఊరూ పేరూ వేలిముద్రా పోలీసు స్టేషన్లో రాసి పెట్టుకొంటాండిరంట. ఒగసారి ఆడికి ఎక్కినంక, మనిషి ఏ తప్పు చేయకపోయినా దొంగే. పొద్దుగూకితే పోయి కనపడి రావల్ల. అదంతా పోయింది, ఇంగ మన ఊరిపేరు ఎవురూ అట్ల రాయరు అనుకొంటిమి."

ఇంద్రాణికి మొదటి ప్రతి గుర్తుకొచ్చింది. అందులో ఆమె 'రాయలసీమలోని ఒక చిన్న ఆవాసం' అనే రాసింది. మల్లికార్జున ఆ మాట కొట్టేశాడు. "ఊరిపేరు ఉంటే వెతికేవాళ్ళకు దొరుకుతుంది. దొరికితే వాళ్ళ వ్యాసాల్లో ఉదహరిస్తారు. ఒక చిన్న ఆవాసం అంటే ఎవరు పట్టించుకుంటారు?" అన్నాడు. ఆమెకూ అది సబబే అనిపించింది. తాళం వేసి డబ్బులడిగే జర్నల్ వద్దని, అందరికీ తెరిచి ఉంచేదే కావాలని పట్టుబట్టింది మాత్రం ఆమే. ప్రజల సొమ్ముతో జరిగిన చదువు ప్రజలకు చేరాలని ఆమె మనస్ఫూర్తిగా నమ్మింది. ఇప్పటికీ నమ్ముతోంది. ఆ సంగతి ఇక్కడ చెప్పడానికి మాత్రం నోరు రాలేదు. కానీ తిప్పేష్‌కు తెలుసు. అప్పట్లో అతనికి ఆమే గొప్పగా చెప్పింది.

"దుడ్లు కట్టే పన్లేదు, ఎవరన్నా చదవచ్చు అంటిరి కదా మేడం" అన్నాడు అతను, గోడకు ఆనుకుని. "నిజమే. లోకానికంతా తలుపు తీసినారు. మాకు మాత్రం ఇంగ్లీషు గొళ్ళెం పెట్టినారు."

ఆమె చదువుతూ పోయింది. చెవి పరీక్షలు ఎలా చేశారో చెప్పింది. రక్తంలో ఏం వెతికారో చెప్పింది. తల్లి దగ్గర్నుంచి ఒక లోపం, తండ్రి దగ్గర్నుంచి అదే లోపం, రెండూ ఒకే బిడ్డకు చేరినప్పుడు చెవులు వినపడవని, ఒక్కటే చేరితే వినికిడికి ఏమీ కాదని చెప్పింది. ఆడవాళ్ళు అల్లిక ఆపి విన్నారు. నాగవేణి ఒక్కో మాటా చేతులతో అక్కకు చెబుతోంది. ఆ అక్కచెల్లెళ్ళకు చిన్నప్పటినుంచి తాము కట్టుకున్న చేతుల భాష ఉంది. తెల్లబండలో సగంమందికి అది కొంచెం కొంచెం వచ్చు. నాగవేణికి వచ్చినట్టు ఎవరికీ రాదు.

ఒక వాక్యం దగ్గర ఇంద్రాణి తడబడింది. ఆ సంగతి ఇంగ్లీషులో రెండే మాటలు. రాసినప్పుడు చెయ్యి ఆగలేదు.

"ఏముందాడ? ఎందుకు ఆపినావు?" రామాంజినమ్మ మొదటిసారి నోరు విప్పింది.

"ఈ తెగలో... తమలో తామే పెండ్లిళ్ళు చేసుకునే అలవాటు ఎక్కువ ఉండేదాని వల్ల..."

"అంటే?"

"మేనరికాలు అక్కా."

రామాంజినమ్మ చేతిలోని బద్ద పక్కన పెట్టింది. "మీ ఇండ్లల్లో చేసుకోరా మేనరికాలు?"

ఇంద్రాణి వాళ్ళది కణేకల్ వైపు. కాలువ కింద మాగాణి ఉన్న కుటుంబం. ఆమె కాగితం కేసి చూస్తూ ఉండిపోయింది. అబద్ధం చెప్పదలచుకోలేదు.

"చేసుకుంటారు. మా నాయన మా అమ్మకు సొంత మేనమామ."

వెనక కూర్చున్న ముసలమ్మ ఒకతి 'అట్లనా' అని గొణిగింది.

"మీ ఊర్లో కూడా నెత్తురు తీసినారా?" అంది రామాంజినమ్మ. ఎత్తిపొడుపు లేదు ఆ గొంతులో. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టుంది.

"లేదక్కా."

"యాలకు తీయలేదు?"

"అడిగింటే మా పెద్దోళ్ళు తీయనిచ్చేవాళ్ళు కాదు."

"మమ్మల్ని అడిగినావు. ఇస్తిమి."

"ఇచ్చినారు."

"ఎందుకిస్తిమో తెలుసునా? పెద్దాసుపత్రి నుంచి చెవుల డాక్టరమ్మ వచ్చింది, బాగవుతాదేమో అని ఇస్తిమి."

బాగు చెయ్యడానికి కాదని ఇంద్రాణి అప్పుడే చెప్పింది. వాళ్ళు వేలిముద్ర వేసిన కాగితంలో కూడా ఉంది. చెప్పానని ఇప్పుడు అనవచ్చు. కానీ ఆ రోజు ఆ మాట ఎంత వేగంగా చెప్పిందో, తర్వాత ఇంటికి పోవాలనే తొందరలో ఎలా చెప్పిందో ఆమెకు గుర్తుంది. వాళ్ళ కళ్ళల్లో ఆశ కనబడుతున్నా దాన్ని కదిలించకుండా వేలిముద్ర వేయించుకుంది. కదిలిస్తే ఒప్పుకునే ఇల్లు ఇంకొకటి తగ్గుతుందని.

"తప్పు నాదే అక్కా" అంది.

రామాంజినమ్మ ఆమె కేసి తిరిగింది.

"నీ తప్పేదో నువ్వు ఒప్పుకొనేది కాదమ్మీ. నా బాధ వేరే. ఈ హేమావతి కడుపులో ఉన్నప్పుడు గ్రహణం పట్టిందంట. నేను కత్తి పట్టుకొని బద్దలు చీల్చినానంట. అందుకే బిడ్డకు చెవులు పోయినాయని మా అత్త సచ్చేదాకా అన్నింది. నా మొగుడూ అన్నాడు. నేనూ అనుకొంటి. నిద్రపోయేటప్పుడు గూడా ఈ చేతులు చూసుకొంటి ఎన్నో దినాలు. నువ్వొచ్చి, ఇదే పంచలో కూకొని, 'నీ చేతులతో పని లేదక్కా, ఇది నెత్తురులో వచ్చింది, మీ ఆయన నుంచి సగం, నీ నుంచి సగం' అన్నావు. ఆ దినం నేను కడుపునిండా కూడు తింటిని." ఆమె ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. "నా తప్పు కాదని చెప్పిందీ నువ్వే. నా చిన్నబిడ్డ పెండ్లి చెడగొట్టిందీ నువ్వే. నిన్ను తిట్టల్లనో ఏం చేయల్లనో నాకు తెలీడం లేదు."

తిప్పేష్ ముందుకు వచ్చాడు. "తిట్టేదేముండాది పెద్దమ్మా. తీసేయమను. పేపరంతా తీసేయమను. మన ఊరి నుంచి తీసుకొనింది ఒక్కటి గూడా ఆ కంప్యూటర్లల్లో ఉండకూడదు."

"తీసేస్తే బళ్ళారోళ్ళు తిరిగొస్తారా?" అన్నది నాగవేణి.

ఆ పిల్ల ఇంతసేపూ తన మాట ఏదీ మాట్లాడలేదు. అక్కకు చెప్పడంలోనే ఉంది. అందరూ అటు తిరిగారు.

"పేపరు చూసినాకే కదా వాళ్ళు పోయింది" అన్నాడు తిప్పేష్.

"పేపర్లో ఏం చూసినారు? చెవుడుండాదని చూసినారు. ఎందుకు చూడల్సొచ్చింది వాళ్ళు? మనం చెప్పింటే ముందే తెలుస్తాండె." ఆమె తల్లి వైపు తిరిగింది. "వాళ్ళు నన్ను చూసేకి వచ్చిన దినం అక్కను యాడికి పంపినారు అమ్మా?"

రామాంజినమ్మ మొహం పాలిపోయింది. "ఇప్పుడా మాటలెందుకే."

"గుత్తిలో అత్తోళ్ళింటికి పంపినారు. మిషను కుట్టేది నేర్చుకొనేకి అని చెప్పి పంపినారు. తాంబూలాల దినం గూడా అంతే. నాకు అక్కే లేనట్లు చేసినారు. నేనూ ఊరుకొంటి." ఆమె ఇంద్రాణి కేసి చూసింది. "ఈ మేడం మన ఊరు పేరు రాసి తప్పు చేసింది. కాదనడం లేదు. కానీ అక్కను దాచింది మాత్రం మనమే."

ఆ మాటలంటున్నప్పుడు నాగవేణి చేతులు కదలలేదు. మాటలు అయిపోయాక ఆమె అక్క కేసి చూసింది. హేమావతి ఎదురుచూస్తోంది. అందరి మొహాలూ మారిపోయాయి, ఏదో జరిగింది, తనకు ఇంకా చెప్పలేదు అని ఆమెకు అర్థమైంది.

"వద్దే" అంది రామాంజినమ్మ.

నాగవేణి చెప్పింది. మెల్లగా, ఒక్కో ముక్కా చేతులతో చెప్పింది. ఇంద్రాణికి ఆ భాష రాదు. కానీ హేమావతి మొహం చూస్తుంటే ఏ ముక్క ఎక్కడ తగిలిందో తెలుస్తూనే ఉంది. హేమావతి తల్లిని చూడలేదు. ఏడవలేదు. కత్తిని కింద పెట్టి, లేచి, ఇంద్రాణి దగ్గరికి వచ్చి కాగితాల వైపు వేలు చూపించింది.

"అందులో నేనెక్కడున్నాను అని అడుగుతాంది" అంది నాగవేణి.

ఇంద్రాణి నాలుగో పేజీ తీసింది. అక్కడ కుటుంబ వృక్షం బొమ్మ ఉంది. మగవాళ్ళు చదరాలు, ఆడవాళ్ళు సున్నాలు. చెవులు వినపడేవాళ్ళు తెల్లగా, వినపడనివాళ్ళు నల్లగా. తరం కింద తరం గీతలతో కలిపిన ఆ బొమ్మను గీయడానికి ఆమె చాలా రోజులు కష్టపడింది. అది బాగుందని జర్నల్ సమీక్షకులు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు కూడా.

"ఇది మీ అమ్మ. ఇది చెల్లెలు. ఇది నువ్వు" అని ఆమె వేలితో చూపించింది.

హేమావతి వంగి చూసింది. నల్లటి సున్నా మీద బొటనవేలు పెట్టి రుద్దింది, అది పోతుందేమో అన్నట్టు. తర్వాత చెల్లెలి వైపు తిరిగి చేతులు కదిపింది. నాగవేణి వెంటనే చెప్పలేదు.

"ఏమంటాంది?" అన్నాడు దాసప్ప.

"అందరినీ రాసి, తననెందుకు కొట్టేసినారు అంటాంది."

ఇంద్రాణికి కళ్ళు మసకబారాయి. అది కొట్టివేత కాదని, ప్రపంచమంతా ఈ పద్ధతిలోనే గీస్తారని, నల్లరంగు అంటే గుర్తు మాత్రమేనని చెప్పవచ్చు. చెప్పింది కూడా, రెండు ముక్కల్లో. నాగవేణి దాన్ని చేతుల్లోకి మార్చింది. హేమావతి విన్నది, అంటే చూసింది, తలూపింది. ఒప్పుకున్నట్టు కాదు, చెప్పావు కాబట్టి సరే అన్నట్టు. ఆ తర్వాత ఆమె ఇంకొకటి అడిగింది.

"తన పేరు ఎట్ల రాస్తారో చూపించమంటాంది. ఇంగ్లీషులో."

ఇంద్రాణి పెన్ను తీసి, ఆ సున్నా పక్కన ఖాళీలో హేమావతి పేరు రాసింది. హేమావతి ఆ అక్షరాలు చూస్తూ నిలబడింది. "ఊరు తీసేయండి. నన్ను తీయద్దండి అంటాంది" అని చెప్పింది నాగవేణి.

తిప్పేష్ గోడ కేసి తిరిగి నిలబడ్డాడు.

దాసప్పే మళ్ళీ అందుకున్నాడు. "సరే. విన్నాం. ఇంగ నువ్వు ఏం చేయగలవో అది చెప్పు. చేయలేనిది చెప్పద్దు."

ఇంద్రాణి పెన్నుకు మూత పెట్టింది. "ఊరిపేరు తీసేయమని జర్నల్‌కు ఈ దినమే రాస్తా. వాళ్ళు తీస్తారు, దానికొక పద్ధతి ఉంది. కానీ ఇప్పటికే దించుకున్నోళ్ళ దగ్గర ఉన్నది నేను తీయలేను తాతా. అది నా చేతిలో లేదు. రెండో వ్యాసం ఒకటి ఉంది, సారే రాసినాడు, నేనింకా పూర్తిగా చూడలేదు. అది మీరు వినకుండా, మీరు సరే అనకుండా బయటికి పోకూడదని మా సారుకు చెప్తా."

"చెప్తే వింటాడా?"

"తెలీదు. వినకపోతే నా పేరు దాన్నించి తీసేయమంటా."

"నీ పరీక్ష?" అని అడిగాడు తిప్పేష్. వైవా సంగతి అతనికి తెలుసు.

ఆమె కాగితాలు మడిచి బ్యాగులో పెట్టుకుంది. అదేమవుతుందో ఆమెకు నిజంగా తెలియదు.

దాసప్ప కర్రతో నేల మీద గీస్తూ, చాలా మామూలుగా అడిగాడు. "మా నెత్తురు ఇప్పుడు యాడుండాది పాపా?"

"అనంతపురంలో ఫ్రిజ్‌లో ఉంటాది తాతా."

"ఉంటాదా, ఉండాదా?"

రెండేళ్ళుగా ఆమె ఆ ఫ్రిజ్ తెరవలేదు. "కనుక్కుంటా" అంది.

"ఇప్పుడే కనుక్కో. మేమూ వింటాం. ఇంగ మాకు తెలీకుండా మాటలు వద్దు."

ఇంద్రాణి ఫోను తీసింది. మల్లికార్జున నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, బండ మీద దాసప్ప పక్కన ఉంచింది. ఆడవాళ్ళు దగ్గరికి జరిగారు. నాగవేణి ఫోనుకు ఎదురుగా, హేమావతికి కనబడేలా కూర్చుంది.

"ఇంద్రాణీ, నేనే చేద్దామనుకుంటున్నా" అన్నాడు మల్లికార్జున. గొంతులో సంతోషం తెలుస్తోంది. "పొద్దున్నే మెయిలొచ్చింది. రెండో వ్యాసం తీసుకున్నారు. ఒక్క మార్పు కూడా లేదు."

"సార్, నేను తెల్లబండలో ఉన్నాను. వాళ్ళందరూ..."

"ఉంటావని తెలుసు. నా మాట వినేదానివైతే ఇంకేం. సరే, వెళ్ళావు, క్షమాపణ చెప్పుకో, బుజ్జగించి రా. రక్తం గురించి అడిగితే ఇక్కడే భద్రంగా ఉందని చెప్పు."

"ఉందా సార్?"

"సగం బెంగళూరు ల్యాబులో ఉంది. అదంతా వాళ్ళకెందుకు? నువ్వు మాత్రం ఆ గుండె విషయం ఎత్తకు."

"ఏ గుండె విషయం సార్?"

"నీకు చెప్పలేదు కదూ. నీకు తెలిస్తే మనసులో పెట్టుకోలేవని చెప్పలేదు. రెండో వ్యాసం దాని మీదే."

నాగవేణి చేతులు కదులుతూనే ఉన్నాయి. అక్కకు మాట పోకుండా చెబుతోంది. ఇంద్రాణి బొటనవేలు స్పీకరు గుర్తు మీదికి వెళ్ళింది. నొక్కితే చాలు, ఆ గొంతు తన ఒక్కదాని చెవిలోకి వస్తుంది. దాసప్ప ఆ వేలినే చూస్తున్నాడు. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"చెప్పండి సార్" అంది.

"ఈ జన్యువు చెవులతో ఆగడం లేదు. ఒక్క పక్క నుంచే లోపం వచ్చి, చెవులు బాగా వినబడేవాళ్ళల్లో కూడా కొందరికి గుండె కొట్టుకునే తీరు తప్పుతుంది. బయటికి ఏమీ తెలీదు. బాగా తిరుగుతూ ఉంటారు. ఉన్నట్టుండి ఏదైనా అదురుపాటుకో, పరుగుకో గుండె..." మల్లికార్జున వాక్యం పూర్తి చేయలేదు. "మన నమూనాల్లో ఒకదాంట్లో చాలా స్పష్టంగా ఉంది. నంబరు పట్టి చూస్తే, ఆ రామాంజినమ్మ రెండో కూతురు."

"ఎప్పటినుంచి తెలుసు సార్ ఇది?"

"పోయిన దసరా నుంచి. తొందరపడకు. అచ్చయ్యేలోపు పొక్కిందంటే ఇంకో బృందం ముందే అచ్చు వేసేసుకుంటుంది, మన శ్రమంతా పోతుంది. వాళ్ళు వేలిముద్ర వేసింది చెవుడు గురించి. ఇంకొకటి బయటపడితే చెప్పాలని అందులో లేదు. ఇంకో మూడు వారాలు ఓపిక పట్టు, ఆ తర్వాత చూద్దాం. వింటున్నావా, ఇంద్రాణీ?"

వింటున్నారు. రామాంజినమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తిప్పేష్ గోడ వదిలి రెండడుగులు వేసి ఆగిపోయాడు. దాసప్ప కర్ర నేల మీద ఉన్నచోటే ఉంది. పంచలో ఉన్న ప్రతి ఒక్కరూ నాగవేణినే చూస్తున్నారు.

ఆ చూపులన్నీ ఎటు తిరిగాయో హేమావతి గమనించింది. చెల్లెలి భుజం తట్టి, చేత్తో ఒకే ఒక ప్రశ్న అడిగింది. ఏమన్నాడు?

నాగవేణి చేతులు ఒళ్ళోంచి లేవలేదు.